ఓజుల పనిముట్లు: మన ఇత్తడి చరిత్రకు సాక్ష్యాలు



ఈ ప్రత్యేక సంచికలో మన పండుగల మీద, పోరాటాల మీద, పాటల మీద రాసేవాళ్లు ఉన్నారు. మేము పనిముట్ల మీద రాయాలనుకున్నాం. దండారీ నాడు గుస్సాడీ ఒంటి మీద మోగే గజ్జెలు, పెర్సా పెన్ దగ్గరి గంటలు, పండుగకు వెలిగే ఇత్తడి దీపాలు మనందరం చూసినవే. వాటిని చేసేది ఓజులని కూడా తెలుసు. కానీ ఓజుల దగ్గర ఏ పనిముట్లు ఉంటాయని అడిగితే మా పదో తరగతి పిల్లలు సైతం "సుత్తి" అని చెప్పి ఆగిపోతారు. నిజానికి ఓజుల పనిలో సుత్తిది చాలా చిన్న చోటు. ఎందుకు చిన్నదో అర్థమైతే ఆ కళ చరిత్ర సగం అర్థమైనట్టే.

రాజులకు శాసనాలున్నాయి, కోటలున్నాయి. ఓజులకు శాసనం లేదు. వాళ్ల చరిత్ర వాళ్ల పనిముట్లలో, ఆ పనిముట్లు ఇత్తడి మీద వదిలిన గుర్తుల్లో ఉంది. చదవడం తెలిస్తే అది శాసనం కన్నా తక్కువదేమీ కాదు.

ఓజులు, వారి ఊళ్లు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా 2016లో నాలుగు జిల్లాలైంది. అందులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, జైనూర్ మండలం ఉషేగాంలోనూ కెస్లాగూడ వంటి మరికొన్ని ఊళ్లలోనూ ఓజు కుటుంబాలున్నాయి. పుస్తకాల్లో వీరి పేరు వోజ్, ఓజా, వోజారి అని రకరకాలుగా కనిపిస్తుంది. తెలుగులో ఒజ్జ అంటే గురువు. కమ్మరి, కంసాలి కుటుంబాల్లో పేర్ల చివర ఓజు అని రావడం కూడా మనకు తెలుసు. పని నేర్పేవాడిని గురువుగా చూసిన నేల ఇది.

గోండు ఊరికి ఒక్కొక్కరు ఒక్కొక్క పనితో అండగా ఉండేవారు. ప్రధాన్‌లు, తోటీలు వంశ కథలు పాడేవారు. ఖాతీలు నాగలి కర్రు, గొడ్డలి చేసేవారు. ఓజులు ఇత్తడి పోసేవారు. కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడైన తర్వాత ఈ ప్రాంతానికి వచ్చిన హైమన్‌డార్ఫ్ గోండుల జీవితం మీద 1948లో ప్రచురించిన పుస్తకంలో ఈ వృత్తులవారి ప్రస్తావన ఉంది. గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం 1943లో మొదలైంది మార్లవాయిలో. మార్లవాయి, ఉషేగాం రెండూ జైనూర్ మండలంలోనివే. ఉపాధ్యాయ శిక్షణ తీసుకుని వచ్చిన మాలాంటి వాళ్లకు ఈ ఇరుగుపొరుగు ఎంతో ఇష్టమైన విషయం. ఒక ఊళ్లో పలక పట్టి చదువు, పక్క ఊళ్లో మైనం పట్టి చదువు.

బజారులో ఈ వస్తువులకు "డోక్రా" అన్న పేరు స్థిరపడింది. ఆ మాట బెంగాల్, ఒడిశా వైపు ఉండే డోక్రా దామర్ అనే పోతపని వారి పేరు నుంచి వచ్చింది. బస్తర్‌లో ఇదే పని చేసేవారిని ఘడ్వాలంటారు. మన దగ్గర చేసేవారు ఓజులు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వస్తువుకు దక్కింది. వస్తువును పుట్టించే సరంజామా సంగతి ఇప్పుడు చూద్దాం.

కొట్టడం, లాగడం, పోయడం

లోహంతో పని చేసేవారిని మేము పిల్లలకు మూడు మాటల్లో చెబుతాం. కమ్మరి కొడతాడు. కంసాలి లాగి అతుకుతాడు. ఓజు పోస్తాడు. ఎవరి పని ఏదో దాన్ని బట్టే వారి ముందున్న పనిముట్లు ఉంటాయి.

కమ్మరి దగ్గర దాగలి, సమ్మెట, పట్టకారు, కొలిమి ముఖ్యం. ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద పెట్టి దెబ్బతో రూపం తెస్తాడు. కంసాలి ముందు చిన్న పట్టెడ, చిన్న సుత్తులు, కుంపటి, ఊదుగొట్టం, కత్తెర, ఆకురాళ్లు ఉంటాయి. వాటితోపాటు కమ్మచ్చు అనే ఉక్కు పలక ఉంటుంది. దానికి పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా రంధ్రాలుంటాయి. వెండి తీగను ఒక్కొక్క రంధ్రంలోంచి లాగుతూ పోతే సన్నబడుతుంది. లాగినకొద్దీ తీగ బిగుసుకుపోతుంది కాబట్టి మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తాడు. తర్వాత వెలిగారం వేసి, ఊదుగొట్టంతో మంటను ఒక్క చోటికి తోలి, అతుకు పెడతాడు.

ఓజు దగ్గర దాగలి అవసరం లేదు. కమ్మచ్చు లేదు. అతుకు పెట్టే ఊదుగొట్టం కూడా లేదు. ఆయన రూపమంతా మైనంలోనే తెస్తాడు. ఇత్తడి చివరికి వచ్చి, మైనం ఖాళీ చేసిన చోటులో కూర్చుంటుంది. సుత్తి పని మట్టి అచ్చు పగలగొట్టేటప్పుడే. అందుకే దాని చోటు చిన్నదన్నాం.

నేలే బల్ల

పట్నంలో నగల పనివారికి బల్ల ఉంటుంది. బల్ల అంచుకు చెక్క కొమ్ము, దాని మీద ఆనించి ఆకురాయి పట్టడం, రాలిన పొడి కింద పడకుండా ఒడిలో తోలు గుడ్డ. ఓజుకు నేలే బల్ల. గొంతుక్కూర్చుని, రెండు పాదాలతోనూ వస్తువును పట్టి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుంటాడు. పాదాలు ఇక్కడ పట్టకారు పని చేస్తాయి. పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. చేసి చూపించమంటే ఐదు నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కాయంటారు. పనిముట్టు అంటే చేతిలో ఉండే వస్తువే కాదని, నేర్చుకున్న శరీరం కూడా పనిముట్టేనని అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది.

మట్టి పని

మొదటిది లోపలి దిమ్మ. ఏనుగు చేయాలంటే ముందు మట్టి ఏనుగు చేస్తారు, అసలు దానికన్నా ఒక పొర తక్కువగా. మట్టిలో వరి ఊక, పేడ కలుపుతారు. ఎందుకు? ఉత్త మట్టి ఎండితే బీటలు వారుతుంది. కొలిమిలో పెడితే లోపలి తేమ ఆవిరై పగులుతుంది. ఊక, పేడ కాలిపోయి మట్టిలో సన్న దారులు వదులుతాయి. ఆ దారుల్లోంచి ఆవిరి, గాలి బయటకు పోతాయి. పోత పోసినప్పుడు గాలి బయటకు పోకపోతే ఇత్తడిలో బుడగలు మిగులుతాయి. పేడ వేయడం పేదరికం వల్ల కాదు, అదొక లెక్క.

ఊక కలిపిన మట్టికి తెలంగాణలో ఇంకో పెద్ద చరిత్ర ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవారు. ఆ ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. అక్కడి మూసల మట్టిలో కూడా వరి ఊక కలిపేవారని పరిశోధకులు గుర్తించారు. వరి పండే నేలలో కొలిమి పెట్టినవాడికి ఊక ఎంత విలువైనదో ఆ మట్టి చెబుతోంది.

లోపలి దిమ్మ ఉండడం వల్ల వస్తువు బోలుగా వస్తుంది, ఇత్తడి తక్కువ పడుతుంది. స్వామిమలై శిల్పులు పోసే దేవతా విగ్రహాలు గట్టి పోత. అవి గుడికి చెందినవి, వాటికి ధనం ఉంది. మన ఓజులు పాత బిందెలు, పగిలిన చెంబులు కొని కరిగించేవారు. తక్కువ ఇత్తడితో పెద్ద వస్తువు తేవడం వాళ్ల అవసరం. అవసరం నేర్పిన తెలివి ఇది.

గజ్జెలో ఉండే రహస్యం కూడా దిమ్మలోనే ఉంది. లోపలి మట్టిలో ముందే చిన్న గుండు పెట్టి ఉంచుతారు. పోత అయ్యాక చీలికలోంచి మట్టిని గీకి తీస్తే గుండు లోపలే మిగిలి మోగుతుంది. మూసి ఉన్న గజ్జెలోకి గుండు ఎలా వెళ్లిందని ఆశ్చర్యపోయే పిల్లలకు ఇదే జవాబు.

మైనపు తీగ గొట్టం

ఓజుల పనిముట్లలో రాజు ఇదే. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి, గుడ్డలో వడగట్టి నీళ్లలో పోస్తారు. ఉత్త మైనం ఎండకు సాగుతుంది, చలికి విరుగుతుంది. గుగ్గిలం దానికి బిగువు ఇస్తుంది, నూనె వంపు ఇస్తుంది. కాలాన్ని బట్టి పాళ్లు మారతాయి. ఎండాకాలం పాళ్లు చలికాలం పనికిరావు.

ఆ ముద్దను గొట్టంలో పెట్టి వెనక నుంచి గట్టిగా నొక్కితే ముందున్న చిల్లుల బిళ్లలోంచి దారంలా తీగ వస్తుంది. మన ఇళ్లలో మురుకుల గొట్టం ఎలా ఉంటుందో అలాంటిదే. బిళ్ల మారిస్తే తీగ లావు మారుతుంది. కంసాలి కమ్మచ్చులోంచి లోహాన్ని లాగితే, ఓజు గొట్టంలోంచి మైనాన్ని తోస్తాడు. రెండూ రంధ్రాన్ని నమ్ముకున్న పనులే. లోహాన్ని లాగడానికి బలం, మధ్యలో కాల్చడానికి నిప్పు కావాలి. మైనానికి అరచేతి వెచ్చదనం చాలు. అందుకే ఈ పని ఇంటిల్లిపాదిదీ అయింది. తీగ తీయడంలో, చుట్టడంలో ఆడవాళ్ల చేయి, పిల్లల చేయి పడుతుంది.

తీగను దిమ్మ చుట్టూ పక్కపక్కనే, సందు లేకుండా చుట్టుకుంటూ పోతారు. ఆ పైన సన్న తీగతో కళ్లు, చెవులు, మెడలో హారాలు, జడలు పెడతారు. ఒకసారి మా పిల్లలను తీసుకువెళ్లినప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒక దీపం మీది గీతలు తడిమి, "ఇవన్నీ చెక్కినవా తాతా?" అని అడిగింది. ఆయన నవ్వి, "చెక్కలే బిడ్డా, చుట్టినం" అన్నాడు.

ఆ రెండు ముక్కల్లో పెద్ద పాఠం ఉంది. ఓజుల దీపం మీద కనిపించే గీతలు ఉలితో చెక్కినవి కావు. ఒకప్పుడు అక్కడున్న మైనపు తీగల ఆనవాళ్లు. మైనం కరిగి పోయింది, దాని వరసలు ఇత్తడిలో మిగిలాయి. గీత వెడల్పు చూస్తే ఆ ఇంటి గొట్టం బిళ్లకు ఎంత రంధ్రం ఉందో చెప్పొచ్చు. గీత ఎక్కడ తెగి మళ్లీ మొదలైందో చూస్తే ఎక్కడ తీగ అయిపోయి కొత్త తీగ అందుకున్నారో తెలుస్తుంది. అసలుకు, నకలుకు తేడా కూడా ఇక్కడే దొరుకుతుంది. రబ్బరు అచ్చులో తీసిన నకళ్లలో ప్రతి దీపం మీదా గీత ఒకే చోట తెగుతుంది. ఓజు చేతిలో ఏ రెండు దీపాల గీతలూ ఒక్కలా ఉండవు, ఎందుకంటే ఒక్కో దీపానికి ఒక్కో అచ్చు, ఆ అచ్చు పగిలితేనే దీపం బయటికొస్తుంది.

అతుకు మైనంలోనే

మైనం పని చేసేటప్పుడు పక్కన నిప్పులుంటాయి. ఒక చదునైన కత్తిని కాస్త వేడి చేసి అంచుకు తగిలిస్తే రెండు మైనపు ముక్కలు కలిసిపోతాయి. సన్న పుల్లలు, వెదురు బద్దలు, నున్నచేసే ఎముక లేదా కొమ్ము ముక్క, ఇవే మిగతా సరంజామా. చూడ్డానికి ఏమీ లేనట్టుంటాయి. ప్రదర్శనల్లో వీటిని ఎవరూ పెట్టకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు. కానీ కంసాలి వెలిగారంతో, మాటుతో, ఊదుగొట్టంతో సాధించే అతుకును ఓజు వెదురు బద్దతో సాధిస్తాడు. నెమలి మెడా, తోకా, కింద పీఠమూ మైనంలో ఒక్కటైపోతాయి. పోత అయ్యాక అతుకనేదే ఉండదు. గుస్సాడీ గంటలు ఏళ్ల తరబడి ఆడినా విడిపోకపోవడానికి అదీ ఒక కారణం.

తూకం

మైనం నమూనా పూర్తయ్యాక ఇత్తడి ఎంత కావాలో ఎలా తెలుస్తుంది? మైనం ఎంత చోటు తీసుకుందో ఇత్తడి అంతే చోటు నింపాలి. ఒకే చోటు నింపే ఇత్తడి, మైనం కన్నా సుమారు 9 రెట్లు బరువు తూగుతుంది. అంటే 100 గ్రాముల మైనానికి 900 గ్రాముల దాకా ఇత్తడి, పోసే దారిలో మిగిలే దానికి ఇంకొంచెం. మైనాన్ని ముందే తూచి పెట్టుకుంటే చాలు. మేము ఎనిమిదో తరగతి పిల్లలకు సాంద్రత పాఠం దీనితోనే చెబుతాం. పుస్తకంలో అర్థం కానిది ఒక్క మైనపు ముద్దతో అర్థమవుతుంది.

ఈ లెక్క కొత్తది కాదు. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దం మొదటి భాగంలో రాసిన మానసోల్లాసంలో మైనపు పోత పద్ధతి ఉంది. మైనం మీద మట్టి పొరలు ఎలా వేయాలో, మైనాన్ని తూచి దానికి ఎన్ని రెట్లు లోహం తీసుకోవాలో అందులో చెప్పారు. నేటి బీదర్ జిల్లా బసవకల్యాణ్ ఆ రాజుల రాజధాని. తెలంగాణలో చాలా భాగం వారి ఏలుబడిలో ఉండేది. గ్రంథం రాజు పేరుతో నిలిచింది. మట్టి పిసికినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. అయినా ఆ లెక్క బతికింది గ్రంథంలో ఒక్కచోటే కాదు, చదువు రాని ఇళ్లలో చేతి నుంచి చేతికి కూడా.

కొలిమి, తిత్తి, మూస

మైనం మీద ముందుగా జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని నీళ్లలా కలిపి పూస్తారు. తీగ వరసల్లోకి చేరేది ఈ పొరే. ఇది గరుకుగా ఉంటే గీతలన్నీ చెరిగిపోతాయి. దాని మీద ముతక మట్టి పొరలు. పైన ఒక దారి వదులుతారు. కాల్చినప్పుడు మైనం కరిగి పోతుంది, దాని చోటు ఖాళీగా ఉంటుంది.

డోక్రా పని జరిగే చోట్ల పోతకు రెండు పద్ధతులున్నాయి. ఇత్తడిని విడిగా మూసలో కరిగించి పట్టకారుతో ఎత్తి అచ్చులో పోయడం ఒకటి. అచ్చు నెత్తిమీదే ఒక మట్టి గిన్నె కట్టి, అందులో ఇత్తడి ముక్కలు పెట్టి మూసేసి, మొత్తాన్ని కొలిమిలో పెట్టి, కరిగాక తలకిందులు చేయడం ఇంకొకటి. రెండో పద్ధతిలో మూస, అచ్చు ఒక్కటే. బయట ఒలికేది లేదు, వృథా లేదు. కానీ లోపల ఏం జరుగుతుందో కంటికి కనిపించదు. మంట రంగులో ఆకుపచ్చ ఛాయ చూసి, కరిగిందో లేదో పనివాడు చెప్పాలి.

ఇత్తడి కరగడానికి 900 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటిన వేడి కావాలి. మామూలు పొయ్యి మంటతో అది రాదు. బొగ్గుకు గాలి అందాలి. అందుకే తిత్తి. మేక తోలుతో కుట్టిన తిత్తులు పాత పద్ధతి. చేత్తో తిప్పే ఇనుప పంఖాలు, కరెంటు ఉన్నచోట మోటారు పంఖాలు తర్వాత వచ్చాయి. తిత్తి ఊదేవాడు పోత పోసేవాడి కన్ను చూసి ఊదాలి. గాలి తక్కువైతే ఇత్తడి మూలమూలకూ చేరకముందే గడ్డకడుతుంది. ఎక్కువైతే ఇత్తడిలోని జింకు తెల్లటి పొగై పోతుంది. జింకు 907 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆరుబయట, గాలి వాలు చూసి కొలిమి పెట్టడం పాతవాళ్ల జాగ్రత్త. ఇరుకు షెడ్లలో పని చేసే నేటివాళ్లకు గాలి బయటకు పోయే ఏర్పాటు తప్పనిసరి.

చివరి మెరుగు

చల్లారాక సుత్తితో మట్టిని పగలగొడతారు. పోసిన దారిలో మిగిలిన ముక్కను ఉలితో కోసి, ఆకురాయితో అరగదీస్తారు. ఇనుప తీగల బురుసుతో, ఇసుకతో రుద్ది, చింతపండు పులుసుతో కడిగితే పైనున్న నల్లదనం పోతుంది. చింతపండులోని పులుపు ఆ పొరను కరిగిస్తుంది. ఆకురాయి అతిగా పట్టకూడదు. తీగ గీతలు అరిగిపోతే వస్తువు ముఖమే పోతుంది. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా పనితనమే.

ఎంత పాతది?

మన సభల్లో ఈ కళ గురించి చెప్పేటప్పుడు మొహంజొదారో నాట్యకత్తె పేరు వస్తుంది. 1926లో దొరికిన ఆ చిన్న బొమ్మ ఎత్తు సుమారు 10.5 సెంటీమీటర్లు. మైనపు పోతతో చేసింది, వయసు 4,000 ఏళ్లకు పైనే. ఎడమ చేతి నిండా గాజులు. ఇప్పుడు ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉంది. మహారాష్ట్రలో ప్రవర నది ఒడ్డున దైమాబాద్‌లో 1974లో రథం, ఏనుగు, దున్న, ఖడ్గమృగం, నాలుగు లోహపు బొమ్మలు బయటపడ్డాయి. అవి మొదట దొరికింది ఒక భిల్లు రైతుకు. మన దక్కన్ లోహ చరిత్రలో అంత పెద్ద వార్త ఒక ఆదివాసీ తవ్విన గుంతలోంచి వచ్చిందన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

అయితే మన ఓజులు మొహంజొదారో నుంచే నేరుగా వచ్చారని మేము చెప్పం. అలా చెప్పడానికి ఆధారం కావాలి. ఆధారం ఉన్న మాట ఇది: అక్కడ ఏ సూత్రంతో బొమ్మ పోశారో, ఉషేగాంలో అదే సూత్రంతో దీపం పోస్తున్నారు. మైనం, మట్టి, నిప్పు, ఆ వరస మారలేదు. మ్యూజియంలో ఉన్నది ఆగిపోయిన చరిత్ర. ఓజు ముంగిట్లో ఉన్నది నడుస్తున్న చరిత్ర. గొప్ప కోసం పెద్ద అంకె చెప్పే అవసరం మనకు లేదు.

ఏది పోతే ఏమవుతుంది

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఈ పని కూర్చుని నేర్చుకునేది. ఐదారేళ్ల బిడ్డ తల్లి పక్కన మైనం ముక్కతో ఆడుకుంటుంది. పదేళ్లకు తీగ చుడుతుంది. పదిహేనేళ్లకు మట్టి పాళ్లు తెలుస్తాయి. సరిగ్గా ఆ వయసులోనే మా దగ్గరికి వస్తారు. జూన్ నుంచి ఏప్రిల్ దాకా వసతి గృహంలో ఉంటారు. ఇంటికి వెళ్లేది దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు. చదువు వద్దని ఏ తల్లీ అనదు, మేమూ అనం. చదువు లేకపోతే మన భూమి కాగితం మనం చదువుకోలేం, మన దీపానికి మనం ధర చెప్పలేం. కానీ చదువు, పని ఒకదానికొకటి అడ్డం పడే పద్ధతి దేవుడు పెట్టింది కాదు. మనుషులు పెట్టిన సెలవుల పట్టీ అది.

రెండోది, సరుకు. తేనెమైనం అడవి నుంచి రావాలి. బొగ్గుకు కట్టె కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులకు ఇచ్చిన నిర్వచనంలో తేనె, మైనం, లక్క, పొదల పుల్లలు, మోడులు పేరుపేరునా ఉన్నాయి. గ్రామసభలో ఈ పేరా చదివి వినిపిస్తే, మైనం అడగడం దానం అడగడం కాదని, హక్కు అడగడమని తెలుస్తుంది.

మూడోది, పనిముట్ల సాయం. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తుంది. సాయం మంచిదే. దాంతో సుత్తి, ఆకురాయి, కత్తెర, పట్టకారు, పంఖా కొనుక్కోవచ్చు. మైనపు తీగ గొట్టం మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని చేయించుకోవాలి, చిల్లుల బిళ్లను తమ కొలతకు వేయించుకోవాలి. దుకాణంలో దొరకని పనిముట్టు ఒక ఇంట్లో విరిగి, మళ్లీ చేయడం తెలిసిన మనిషి లేకపోతే, ఆ ఇంట్లో కళ ఆ రోజే ఆగిపోతుంది. భౌగోళిక గుర్తింపు కాగితం గోడకు ఉంటుంది, దీపం ఉండదు.

మనం చేయగలిగినవి

మన సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాం.

మొదటిది, పనిముట్ల చిట్టా. ఒక్కో ఓజు ఇంటికి వెళ్లి, వాళ్లు సరేనంటేనే, ఒక్కో పనిముట్టుకూ ఒక పేజీ రాయాలి. వాళ్ల ఇంటి మాటలో పేరు, గోండీలో పేరు, తెలుగులో పేరు. దేనితో చేశారు, ఎవరు చేశారు, పొడవెంత, రంధ్రమెంత, ఏ పనికి, ఏ కాలంలో. పక్కన కొలబద్ద పెట్టి ఫోటో. హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఎనభై ఏళ్ల కిందటి మన ముఖాలు చూడటానికి మనం అంత దూరం చూడాల్సి వస్తోంది. పనిముట్ల చిట్టా మన ఊళ్లోనే ఉండాలి, దాని మీద హక్కు ఆ కుటుంబాలదే అయి ఉండాలి.

రెండోది, మన ప్రదర్శనల్లో దీపం పక్కన గొట్టం, వడగట్టే గుడ్డ, వేడి కత్తి, మట్టి అచ్చు ముక్క కూడా పెట్టాలి. సగం చుట్టిన మైనపు ఏనుగును ఒకటి పెడితే చాలు, చూసినవాళ్లు ధర తగ్గించమని అడగడానికి వెనకాడతారు.

మూడోది, పిల్లలు. నెలకు ఒక్క శనివారం పూట ఓజు తాతనో, అవ్వనో వసతి గృహాలకు పిలిచి, వాళ్ల సమయానికి తగిన గౌరవ వేతనం ఇచ్చి, మైనం పని వరకైనా నేర్పించాలి. మైనానికి కొలిమి అక్కర్లేదు, ప్రమాదం లేదు, బొగ్గు ఖర్చు లేదు. కరగబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. గణితానికి తూకం, సైన్సుకు సాంద్రత, సాంఘిక శాస్త్రానికి మన చరిత్ర, మూడూ ఒకే ముద్దలో దొరుకుతాయి. ఓజు ఇంటి పిల్లలకు తమ ఇంటి పని తరగతి గదిలో పాఠమైందన్న ధైర్యం దొరుకుతుంది. మిగతా పిల్లలకు తమ దండారీ గజ్జె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఈ సంచిక చదివే మీలో పట్నాల్లో, పరాయి రాష్ట్రాల్లో ఉంటున్నవాళ్లు చాలామంది. మీ ఇంట్లో ఓజుల దీపం ఉంటే ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. గీతల మీద వేలు పెట్టి నడిపించండి. ఎక్కడో ఒకచోట గీత తెగి, పక్క నుంచి ఇంకో గీత అందుకుంటుంది. అక్కడ ఒక తల్లి చేతిలో తీగ అయిపోయింది, ఇంకో తీగ అందుకుంది. ఆ రెండో తీగను అందించే చేయి ఇకముందు కూడా ఉండాలన్నదే మా కోరిక.